ఓంప్రకాశ్ ఫియటు బంపర్లు

మూడొద్దుల నాడు ఓంప్రకాశ్‌కు ఇష్టమైనయన్నీ ఇస్తరాకుల పెట్టి, అందరు దూరం జరిగి నిలబడ్డరు. బగార అన్నం, కోడికూర, రెండు సర్వపిండి ముక్కలు, చిన్న సీసాల కల్లు, ఎప్పుడూ జేబుల ఉండే వక్కపొడి పొట్లం. కాకులు లేవా అంటే ఉన్నయి. శ్మశానం గోడ మీద కూసోని మెడలు అటొకసారి ఇటొకసారి తిప్పుకుంట చూస్తానయి. దిగుతనే లేవు.

పిట్ట ముట్టకపోతే పోయినోని మనసుల ఏదో మిగిలిపోయిందని మా దిక్కు లెక్క. అదేందో కనుక్కొని, మేం చేస్తం నువ్వు పైలంగ పో అని మాటియ్యాలె. నమ్మేటోళ్ళు నమ్ముతరు. నమ్మనోళ్ళు గూడ ఆ టైముకు నోరు మూసుకొని చేతులు కట్టుకొని నిలబడుతరు, గంతే.

"నీ బిడ్డ అనూషను చదివిస్తం బావా, నువ్వు ఫికర్ జెయ్యకు" అని మధు మొత్తుకున్నడు. మధు ఓంప్రకాశ్ భార్యకు సొంత తమ్ముడు. పిట్ట దిగలే. "దుకాణం మూసెయ్యం ఓంప్రకాశా" అని ఇంకో పెద్దమనిషి అన్నడు. దిగలే. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఆడోళ్ళు ఏడ్సి ఏడ్సి అలిసిపోయి కొంగులు నెత్తిన కప్పుకొని నిలబడ్డరు. అప్పుడు రమ, ఓంప్రకాశ్ భార్య, వెనక్కి తిరిగి మరిది దిక్కు చూసింది.

"శేఖరూ, నువ్వు చెప్పు. నీ కోసమే చూస్తాండు మీ అన్న."

అందరి మొకాలు శేఖర్ దిక్కు తిరిగినయి. ఓంప్రకాశ్‌కు ఒక్కగానొక్క తమ్ముడు ఈయన. మూడు దినాల సంది కండ్లల్ల నీళ్ళ చుక్క లేదు. దుఃఖం లేదు, భయం లేదు, ఆఖరుకు ఆకలి గూడ లేదు. చెప్పులు లేని కాళ్ళు కాలుతున్నయి, అదొక్కటే తెలుస్తాంది. ఏదో ఒకటి అంటే అయిపోతది, నీడకు పోవచ్చు అనుకున్నడు.

"అన్నా, బంపర్లు కోపిస్తనే. నువ్వన్నట్టే చేపిస్త."

గోడ మీదికెల్లి ఒక కాకి దిగింది. కోడికూర ముక్క నోట కరుచుకున్నది. రమ బొబ్బ పెట్టి కూలబడ్డది. శేఖర్ మాత్రం పక్కింటి టీవీల ఏదో సినిమా నడుస్తున్నట్టు ఆ కాకి తినుడు చూసుకుంట నిలబడ్డడు.

బంపర్లేంది, కోసుడేంది అంటరా? ఆ ముచ్చట చెప్తె ఈ అన్నదమ్ములిద్దరి మీద మీకు జాలి కలుగుతదో, చెప్పు తీసుకొని కొట్టాలనిపిస్తదో నాకైతే తెల్వది.

వాళ్ళ నాయిన కట్టయ్య వరంగల్ స్టేషన్ కాడ టాక్సీ నడిపిండు. పాత ఫియటు. ఆయన పోయినంక ఆ బండి పెద్దోడు ఓంప్రకాశ్ పేరు మీదికొచ్చింది, రంగశాయిపేటల ఆయన ఇంటి ముందు రేకుల షెడ్డు కింద ఉండేది. ఓంప్రకాశ్‌ది మోటర్ వైండింగ్ దుకాణం. చేతులకు ఎప్పుడూ వార్నిష్ వాసనే. ఆదివారం వచ్చిందంటే ఆ ఫియటును కడుగుడు, తుడుసుడు, దాని చుట్టు తిరుగుడు. ఒకనాడు ఫోన్ల ఏదో వీడియో చూసిండు. ఎక్కడోళ్ళో గాని గసువంటి బండికే ముందు బంపరు, ఎనక బంపరు ఇప్పి, బాడీకి అతికినట్టు దగ్గరికి జరిపిండ్రు. బంపరు మీద నిలువుగ ఉండే కొమ్ములు పీకేసిండ్రు. బోల్టు బొక్కలు గూడ మూసి, నున్నగ, తళతళ మెరిసేటట్టు నికిలు పూత కొట్టిచ్చిండ్రు. ఓంప్రకాశ్‌కు నిద్ర పట్టలే.

"మన బండి చూడు శేఖరూ, దవడ ముందుకొచ్చినోని తీర్గ ఉన్నది. మొకం మంచిగనే ఉన్నది పాపం, ఆ దవడనే మోసం చేసింది. బంపరు పట్టుకునే పట్టీలు జర కోసి లోపలికి జరిపితే, పెండ్లికొడుకు లెక్క అయితది."

శేఖర్‌కు ఇట్లాంటివి పడయి. సుబేదారిల ఆఫీసు, అక్కడే ఇల్లు, సీనియర్ అసిస్టెంటు నౌకరి. కాయితం మీద ఒక కామా జరిగినా ఒప్పుకోడు. "అది నాయిన బండి. ఆ బంపరుకున్న సొట్టలన్నీ నాయినవే. కోసుడంటే ఏందే అన్నా, తమాషానా?" అన్నడు. ఇంట్ల అన్నడు, ఫోన్ల అన్నడు. ఆఖరికి నెక్కొండల చుట్టాల పెండ్లికి పోయిండ్రు ఇద్దరు. అన్నాల బంతిల పక్కపక్కన కూసున్నరు. ఓంప్రకాశ్ మళ్ళ అదే ముచ్చట తీసి, ఎదురుంగ కూసున్నోళ్ళకు గూడ ఫోన్ల వీడియో చూపిచ్చిండు. వాళ్ళు వారెవ్వా అన్నరు. శేఖర్‌కు ఎక్కడ లేని మంట లేసింది.

"నువ్వు ఆ బంపర్ల మీద చెయ్యేసినవంటే, మళ్ళ నీ గడప తొక్కితే చూడు" అన్నడు. బంతి మొత్తం ఇన్నది.

ఓంప్రకాశ్ ముందుగాల నవ్విండు. తమ్ముని మొకం చూసి నవ్వు ఆపిండు. "నాయిన నీ ఒక్కనికేనారా?" అన్నడు. ఇస్తరాకు మడిచి లేసిపోయిండు.

చూడుండ్రి మరి. ఇద్దరికి యాభై ఏండ్లు దగ్గర పడ్డయి. ఒకని బిడ్డ ఇంజినీరింగ్ చదువుతాంది, ఇంకోని కొడుకుకు మీసాలొచ్చినయి. కొట్లాట దేనికయ్యా అంటే ఇనుప ముక్కకు! మాట్లాడుకునుడు బంద్ అయింది.

పంతం గూడ ఎన్నొద్దులుంటది, ఎవలో ఒకలు తగ్గుతరు. శేఖర్ తగ్గేటోడే. లోపల లోపల వారం తిరగకముందే తగ్గిండు. కని ఒకనాడు వానల పోచమ్మమైదాన్ దిక్కు స్కూటర్ మీద పోతాంటే, డెంటింగ్ పని చేసే ఖాజా మొహినుద్దీన్ షెడ్డుల ఫియటు కనవడ్డది. మూతి లోపలికి వెట్టి నిలవెట్టిండ్రు, బానెట్ లేపి ఉన్నది. ముందు దిక్కు కనవడుతలేదు, వాన జోరుకు ఎనక బంపరు గూడ సాఫ్‌గ కనవడలే. ఇగ అయిపోయింది, అన్న కోపిస్తనే ఉన్నడు అనుకున్నడు. స్కూటర్ దిగి రెండడుగులేసి చూస్తే ఏం పోయేది? చూడలే. నా మాటకు గింత గూడ ఇలువ లేదన్నమాట అనుకుంట స్కూటర్ మలుపుకొని ఎల్లిపోయిండు.

దసర వచ్చింది. ప్రతి దసరకు పాలపిట్టను చూసి, జమ్మి ఆకు తెంపుకొని, శేఖర్ ముందుగాల పోయేది రంగశాయిపేటకే. అన్న చేతుల జమ్మి పెట్టి, కాళ్ళు మొక్కి, అలయ్ బలయ్ అని కావలిచ్చుకున్నంకనే ఇంకెవల ఇంటికన్న. ఆ ఏడు సుబేదారంత తిరిగి జమ్మి పంచిండు. మోరీ నీళ్ళ కాడ కొట్లాడి మాట బంద్ చేసిన పక్కింటోనికి గూడ పంచిండు. రంగశాయిపేటకు మాత్రం పోలే. ఓంప్రకాశ్ గూడ ఫోన్ చెయ్యలే. పెద్దోడు ఫోన్ చేసి, నాకు జమ్మి పెట్టనీకి రారా అంటడా? చిన్నోడే రావాలె. గది మర్యాద. ఆ మర్యాదకు అగ్గి తగల!

ఎండకాలం మొదలైంది. ఒకనాడు తెల్లారంగనే మధు ఫోన్ చేసిండు. "శేఖర్ బావా, పెద్ద బావ లేడు. నిద్రలనే పోయిండు" అన్నడు. శేఖర్ ఉన్నోడు ఉన్నట్టే పోయిండు. గేటు తీసి లోపల అడుగు పెడితే రేకుల షెడ్డు కింద ఫియటు. బంపరు ఎప్పటి తీర్గనే ఉన్నది. బాడీకి దూరంగ, మీద రెండు కొమ్ములతోటి, నాయిన సొట్టలతోటి. ఎవ్వలు చెయ్యేయలే. లోపలికెల్లి ఏడుపులు ఇనవడుతానయి. శేఖర్ బంపరు ముందల నిలబడి దాన్నే చూస్తాండు. ఎవరో జబ్బ పట్టుకొని లోపలికి గుంజుకపోయిండ్రు.

గప్పటి సంది మనిషి గట్లనే అయిండు. ఏడ్వలే. పాడె మోసిండు, నీళ్ళు పోసిండు, చెప్పిన పనల్ల చేసిండు. రాయి లెక్క ఉన్నడేందని ఆడోళ్ళు గుసగుస పెట్టిండ్రు. ఆయనకు అది గూడ ఇనవడ్డది, ఇనవడి అటే పోయింది.

పదకొండొద్దులు అయినంక రమ బండి తాళాలు తెచ్చి మరిది చేతుల పెట్టింది. "పదిమందిల మాటిచ్చినవ్ శేఖరూ. ఆ పని అయితే గాని ఆయన ఎల్లిపోడు. నడిమిట్ల నిలవెట్టకు మీ అన్నను" అన్నది. రోజు తెల్లారంగనే తలుపు తీసి ఆమె ముందుగాల చూసేది ఆ బండినేనట. బంపరు అట్లనే ఉన్నదని చూసి, ఇంకా ఈడనే తిరుగుతాండు అనుకొని మళ్ళ లోపలికి పోతదట. తిండి లేదు, నిద్ర లేదు. అనూష చిన్నాయినను పక్కకు పిలిచి, "జల్ది చేపియ్యి చిన్నాయినా, అమ్మ పిచ్చిదయ్యేటట్టున్నది" అన్నది.

శేఖర్ బండి తీసుకొని ఖాజా షెడ్డుకు పోయిండు. ఖాజాకు అరవై దాటినయి. తెల్లగడ్డం, ఎడమ చెయ్యి మీద కాలిన మచ్చలు. బండిని చూడంగనే గుర్తుపట్టిండు. దాని మీద అరచెయ్యి పెట్టిండు.

"మీ అన్న పోయిండని ఇన్న శేఖర్ సాబ్. మట్టికి రాలేకపోయిన, పానం బాగలేకుండె. మంచి మనిషి. ఈ బండి తీసుకొని వచ్చిండంటే ఒక గంట నవ్విచ్చి పోయేటోడు."

"బంపర్లు కొయ్యాలె భాయ్. దగ్గరికి జరపాలె" అన్నడు శేఖర్. గొంతు ఆఫీసుల ఫైలు అడిగినట్టే ఉన్నది.

ఖాజా ఆయన మొకం దిక్కు ఒకసారి చూసి తల ఊపిండు. బంపర్లు ఇప్పిండు. బంపరుకు బండికి నడుమ ఇనుప పట్టీలుంటయి, అటొకటి ఇటొకటి. వాటిని ఎంత కోస్తే బంపరు అంత లోపలికి పోతది. ఎక్కువ కోస్తే బాడీకి రాసుకుంటది, తక్కువ కోస్తే ఉన్నా లేకున్నా ఒక్కటే. పట్టీలు బల్ల మీద పెట్టి శేఖర్ చేతికి సుద్దముక్క ఇచ్చిండు.

"గీయుండ్రి. ఎక్కడిదాక కొయ్యాలె?"

"నాకేం తెలుసు. నువ్వే గీయి భాయ్."

"నేను గీయ సాబ్. ఎక్కడిదాక జరపొచ్చో నేను చెప్త, కోసేది నేనే కోస్త. గీసుడు మాత్రం బండి వాళ్ళే గీయాలె. నాకు పని నేర్పిన ఉస్తాద్ కాడికెల్లి వస్తాన్న పద్ధతి, కాయిదా అది. కోసినంక అతికిచ్చిన ఇనుము అతికిచ్చినట్టే ఉంటది. రేపు మీరొచ్చి, నేనట్ల అన్లే భాయ్ అంటే నేనేం జెయ్యాలె?"

శేఖర్ సుద్ద పట్టుకొని వంగిండు. చెయ్యి పట్టీ దాక పోయింది, ఆగింది. దుఃఖం వచ్చి ఆగింది గాదు. ఊరికెనే ఆగింది, కరెంటు పోయిన ఫ్యాను లెక్క. ఇన్నొద్దులు అడగాలని గూడ అనిపియ్యని మాట అప్పుడు నోట్లకెల్లి వచ్చింది.

"వానకాలంల మా అన్న బండి ఈడ పెట్టిండు గద. నేను చూసిన. మరి అప్పుడెందుకు కొయ్యలే?"

"అప్పుడా? రేడియేటర్ కారుతాందని తెచ్చిండు సాబ్." ఖాజా చేతులు గుడ్డకు తుడుసుకుంట స్టూలు మీద కూసున్నడు. "బంపర్ల ముచ్చట గూడ తీసిండు. నేను ఇప్పి, ఇట్లనే పట్టీలు బల్ల మీద పెట్టి, ఇట్లనే సుద్ద ఇచ్చిన. మీరున్న జాగలనే నిలబడి గీసిండు. గీసి చానసేపు చూసిండు. ఇగ కోసుడే అని నేను కోసే మిషన్ చేతికి తీసుకున్న. తీసుకున్ననో లేదో, బొటనవేలు పెట్టి గీత తుడిచేసిండు. వద్దు ఖాజా భాయ్, మా తమ్ముడొచ్చి వాడే గీస్తడు అన్నడు. మళ్ళ బంపర్లు ఎట్లున్నయట్ల ఎక్కిచ్చిన."

పట్టీ మీద ఆ గీత జాడ ఏమన్న ఉన్నదా అని శేఖర్ ఎతికిండు.

"ఎప్పుడొస్తడు మీ తమ్ముడు అని అడిగిన. దసరకు వస్తడు గద, జమ్మి పెట్టనీకి, అన్నడు. రాకపోతే ఏం జేస్తవ్ అని నవ్వులాటకు అన్న. రాకుండ ఎట్లుంటడు భాయ్, వాడు నా తమ్ముడు, అన్నడు." ఖాజా తల వంచుకున్నడు. "దసర అయినంక ఈ తొవ్వల పోయేటప్పుడు ఒకసారి ఆగిండు. ఏమైంది అంటే, ఏం లేదు, జర పనిల ఉన్నడు మావోడు, అన్నడు."

బయట రోడ్డు మీద ఆటోలు పోతానయి. శేఖర్‌కు ఆ చప్పుడు ఇనవడుతాంది. మాట గూడ ఇనవడ్డది, అర్థమైంది, ఒక్కొక్క ముక్క సాఫ్‌గ అర్థమైంది. లోపల మాత్రం ఎక్కడ తగలాల్నో అక్కడ తగల్లే. చెంప మీద కొడితే చెంప లేనట్టు. నేనేం మనిషిని అనుకున్నడు. అన్న పోయిండు, నేను గూడ పోయిన్నా ఏంది?

"ఎక్కడిదాక గీసిండో యాదికున్నదా భాయ్?"

ఖాజా వేలు పెట్టి చూపిచ్చిండు. శేఖర్ అక్కడనే గీసిండు. సుద్దముక్క ఇరిగింది. మిగిలిన ముక్కతోటి రెండో పట్టీ మీద గూడ గీసి, పట్టీ ఇంకో కొస తనే పట్టుకున్నడు. "జరుగుండ్రి సాబ్, నిప్పులు ఎగురుతయి" అన్నడు ఖాజా. జరగలే. మిషన్ గీపెట్టుకుంట దిగింది. నిప్పురవ్వలు వచ్చి మణికట్టు మీద పడ్డయి. పట్టీ ముక్క తెగి కింద పడ్డదాక శేఖర్ చెయ్యి కదిలియ్యలే. ఖాజా మిషన్ ఆపి ఆయన చెయ్యి గుంజి చూసి, "యా అల్లా, కాలుతాంటే తెలుస్తలేదా మీకు?" అని కోపం చేసిండు. నిజంగనే తెల్వలే.

కొమ్ములు తీసేసిండు. బొక్కలు మూసిండు. "సొట్టలు ఉంచాల్నా సాబ్, మీ నాయినవి అంటరు గద" అని అడిగితే, "అన్న ఏమన్నడో అట్లనే చెయ్యి" అన్నడు శేఖర్. సొట్టలు పోయినయి. నికిలు కొట్టనీకి బంపర్లు హైదరాబాద్ పోయి వచ్చినయి. అవి వచ్చిందాక శేఖర్ ఆఫీసుకు పోయిండు, సంతకాలు పెట్టిండు, పెట్టింది తిన్నడు.

పని అయిందని ఖాజా ఫోన్ చేసిన నాడు ఆదివారం. శేఖర్ పోయేసరికి బండి షెడ్డు బయట ఎండల నిలవెట్టి ఉన్నది.

ఏం చెప్పాలె ఇగ? మస్తున్నది. అబద్ధం చెప్పి ఏం లాభం, కండ్లు తిప్పబుద్ధి గాలే. బంపరు బాడీలకెల్లి పుట్టినట్టే ఉన్నది. ఆ దవడ లేదు, ఆ ఎబ్బెట్టు లేదు. బండి వయసు సగం తగ్గింది. పని చేసిన ఖాజానే చాయ్ గ్లాసు పట్టుకొని దాన్ని కొత్తగ చూస్తాండు. శేఖర్ ముందునుంచి చూసిండు, పక్కనుంచి చూసిండు, ఎనకకు పోయి చూసిండు. అన్న కరెక్టే. ముందునుంచి అన్ననే కరెక్టు. 'బాగుందే అన్నా' అన్న మాట నాలిక దాక వచ్చింది. ఎవలికి చెప్తడు?

తొవ్వల సిగ్నల్ కాడ బైకు మీది పోరగాడొకడు కిటికీల తల పెట్టి, "అంకుల్, ఏం లుక్కున్నది! ఎవలు చేపిచ్చిండ్రు?" అని అడిగిండు.

"మా అన్న చేపిచ్చిండు" అన్నడు శేఖర్.

రంగశాయిపేటల గేటు ముందల బండి ఆపి హారన్ కొట్టిండు. రమ బయటికొచ్చింది. పిండి చేతులు కొంగుకు తుడుసుకుంట, మెట్లు దిగి, బండి ముందల నిలబడ్డది. చూసింది. ఎనకకు పోయింది. మళ్ళ ముందటికొచ్చింది. వంగి చూసింది. ఏదో పడిపోయిన వస్తువును ఎతికినట్టు ఎతుకుతాంది.

"మంచిగ మెరుస్తాంది" అన్నది. "బంపర్లు ఏం చేసిండ్రు మరి? కోసుడన్నవ్ గద. ఉన్నయి గదా, రెండు?"

ఏడాది సంది ఆ ఇంట్ల బంపర్లు, బంపర్లు అన్న మాటే. మొగోళ్ళిద్దరు దానికి కొట్లాడిండ్రు, మాట బంద్ చేసుకున్నరు, ఒకడు సచ్చిపోయిండు, ఒకడు సచ్చినోనికి మాటిచ్చిండు. అసలు అదేందో ఆమెకు ఎవ్వలు చెప్పలే.

శేఖర్ వంగి బంపరుకు బాడీకి నడుమ వేలు పెట్టి చూపిచ్చిండు. "ఇగో వదినా. ఇంతకుముందు బంపరు గింత దూరం ఉండె. ఇప్పుడు దగ్గరికొచ్చింది." నాలుగు వేళ్ళు దగ్గర పెట్టి ఎత్తి చూపిండు.

రమ ఆ వేళ్ళ దిక్కు చూసింది. బంపరు దిక్కు చూసింది. మళ్ళ వేళ్ళ దిక్కు చూసింది. ముందుకొచ్చి, పిండి చేత్తోనే ఆ నాలుగు వేళ్ళు పట్టుకున్నది.

"గింతనేనా?"

"గింతనే."

"దసర నాడు కొత్త చొక్కా తొడుక్కొని పొద్దు మూకేదాక గేటు కాడ కుర్చీ ఏసుకొని కూసున్నడు శేఖరూ. అన్నానికి రమ్మంటే రాలే. వాడొచ్చినంక ఇద్దరం తింటమన్నడు." ఆమె గొంతుల కోపం లేదు. నిజంగనే తెల్వక అడిగినట్టు అడిగింది. "గింతదానికా?"

శేఖర్ బంపరు పట్టుకొని బండి ముందల నేల మీదనే కూలబడ్డడు. రమ వేళ్ళు ఇడిసిపెట్టలే.

"గింతదానికే, వదినా."